తప్పంతా ప్రపంచీకరణదేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీలో ఉత్సవాల వార్త చదివిన రోజే ఈ ఉత్తరం రాయాల్సింది. మోకాళ్ల నొప్పులు, మనవరాలి పరీక్షల హడావుడి వల్ల ఆలస్యమైంది. 'ప్రపంచీకరణ దెబ్బకు గోదావరి సంస్కృతి కనుమరుగవుతోంది' అని వేదిక మీది పెద్దలు తెగ బాధపడ్డారని రాశారు. పిజ్జాలు, పుట్టినరోజు కేకులు, చాక్లెట్ పూతరేకులు, రీల్సు అన్నిటినీ ముద్దాయిలుగా నిలబెట్టారట. ఆ సభకు నేనూ వెళ్లాను. మీ విలేకరి బహుశా భోజనాలకు ముందే వెళ్లిపోయి ఉంటారు, అందుకే కొన్ని సంగతులు రాయలేదు.

సభ జరిగింది నరసాపురంలో. ఇక్కడి లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే జీఐ ముద్ర, వచ్చిందని ప్రతి వక్తా చెప్పారు. చెప్పినవాళ్లందరికీ కప్పింది మాత్రం మిల్లు శాలువాలు, అప్పుడే ప్లాస్టిక్ కవర్లలోంచి తీసినవి. వేదిక మీద కనిపించిన లేసల్లా టేబుల్ గుడ్డ అంచుకు కుట్టిన మిషన్ లేసు. చేత్తో అల్లే ఆడవాళ్లను పొద్దున్నే ఆటోల్లో తెచ్చి, కింద వరసగా కూర్చోబెట్టి, సూదులు పట్టించి ఫొటోలు తీశారు. వేదిక మీద ఒక్కొక్కరి ముందు రెండేసి నీళ్ల బాటిళ్లు ఉన్నాయి, కిందికి ఒక్కటీ దిగలేదు. ఫ్లెక్సీ మీద ఉత్సవం పేరు ఇంగ్లీషులో బారెడు, తెలుగులో ఓ మూలకి, అదీ అచ్చుతప్పులతో. తెలుగు అంతరించిపోతోందని అరగంట మాట్లాడిన పెద్దమనిషి వెనకే ఆ ఫ్లెక్సీ వేలాడుతోంది. ఇది కూడా అమెరికావాళ్లే కట్టించారేమో మరి.

ప్రపంచం మన డెల్టాకు నిన్నగాక మొన్న వచ్చిందా? 17వ శతాబ్దంలోనే నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు, పాలకొల్లులో డచ్చివాళ్లు మకాం పెట్టి మన నేతగుడ్డల్ని ఓడలెక్కించారు. యానాంలో ఫ్రెంచివాళ్ల పాలన 1954 దాకా నడిచింది. ఆ మాటకొస్తే లేసు అల్లికను ఇక్కడి ఆడవాళ్లకు నేర్పింది కూడా 19వ శతాబ్దంలో వచ్చిన క్రైస్తవ మిషనరీలే. వేదిక మీద 'మన అనాదిగా వస్తున్న కళ' అని పొగిడారు చూడండి, అదన్నమాట. అందులో మనం నామోషీ పడాల్సింది లేదు. అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటూ, పొయ్యి మీద అన్నం చూసుకుంటూ, మన ఆడవాళ్లు అల్లిన గుడ్డలు తరాలుగా యూరప్ భోజనాల బల్లల మీద పరుచుకున్నాయి. అలా అది మనదైంది.

నేను తపాలా శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. రాజోలు వైపు పనిచేసిన రోజుల్లో కువైట్ నుంచి, మస్కట్ నుంచి ఉత్తరాలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు వచ్చేవి. చదువురాని తల్లులు కౌంటర్ దగ్గరే నిలబడి చదివించుకునేవారు. పరాయి దేశంలో ఇంటిపనికి వెళ్లిన కూతురు ఇంటి బాగోగులు అడిగాక రాసే మొదటి మాట, సంక్రాంతి అరిసెలు ఎలాగైనా పంపమని. ఆ తల్లి నూనె కారకుండా డబ్బాకు గుడ్డ చుట్టి కుట్టి తెచ్చేది. కువైట్‌లో కూర్చుని అరిసెల కోసం ఏడ్చిన పిల్లకు సంస్కృతి మీద ఈ పెద్దలు పాఠం చెప్పాలా? ఊళ్లో గుళ్లకీ చర్చిలకీ రంగులు పడింది చాలావరకు ఆ పిల్లల డబ్బుతోనే. ఆ రోజు సభలో వాళ్ల ఊసెత్తినవాడు లేడు. ఎన్నారైలంటే డల్లాస్‌వాళ్లే అనుకుంటారు కాబోలు.

కుర్రాళ్ల మీద కూడా చాలా అక్కసు వెళ్లగక్కారు. 2023 గణతంత్ర దినోత్సవాన మన కోనసీమ ప్రభల తీర్థం, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల్ని ఊరేగించే కనుమ పండగ, ఢిల్లీలో శకటంగా కదిలితే అందరం టీవీల ముందు మురిసిపోయాం. కనుమనాడు ఆ ప్రభల్ని వరిచేల మీదుగా, కాలవలో దిగి, జగ్గన్నతోటకు మోసుకెళ్లేది ఎవరు? జీన్సు ప్యాంట్లు పైకి మడిచి, ఒక చేత్తో రీలు తీసుకునే ఆ కుర్రాళ్లే. ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లలో ఒక్కరి భుజమైనా ఆ బరువు ఎరుగునా?

ప్రపంచీకరణ వల్ల నష్టం లేదని నేననను. 2009లో లాటిన్ అమెరికా తీరం రొయ్య వనామీని దేశంలోకి రానిచ్చాక భీమవరం చుట్టుపక్కల బతుకే దాని చుట్టూ తిరుగుతోంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే ఇక్కడ కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర, పడింది, నాకు తెలిసిన ఇంట్లో పెళ్లి మాటలు ఆగాయి. ఇది నిజమైన దెబ్బ. కానీ చెరువుల ఉప్పునీళ్లు డ్రెయిన్లలోకి వదిలితే పక్కనున్న వరిచేను చవుడెక్కుతోంది. దానికి కళ్లు మూసుకుంది ఎవరు, వాషింగ్టన్ వాళ్లా? ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనందరి దగ్గరా వసూలు చేస్తున్నారు. మా వీధి గ్రంథాలయంలో వానొస్తే పుస్తకాలు బెంచీల మీదికి ఎక్కించాలి. పిల్లలు తెలుగు చదవడం లేదని మళ్లీ వీళ్లే అంటారు! అర్జీ పెడితే పై ఆఫీసుకు పంపామన్నారు. పై ఆఫీసువాళ్లు కింద ఆఫీసులో కనుక్కోమన్నారు.

మళ్లీ లేసు దగ్గరికే వస్తాను. సభ అయ్యాక ఆ ఆడవాళ్లతో మాట్లాడాను. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లిన దారం లెక్కన కూలి కడతాడు. ఆ గుడ్డ ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో వాళ్లకు తెలియదు. గుర్తింపు వచ్చాక కూలి పెరిగిందా అని అడిగితే ఒకావిడ నవ్వి, 'ఫొటోలు పెరిగాయండి' అంది. కూతురికి నేర్పించావా అంటే, 'ఎందుకండీ, చెప్పుల షాపులో చేరితే నెల జీతం వస్తుంది' అంది. ఈ పిల్ల సూది పట్టకపోవడానికి కారణం పిజ్జా అంటే నేను ఒప్పుకోను.

మీ విలేకరిని ఒకసారి ఆ ఇళ్లకు పంపండి. ఒక టేబుల్ గుడ్డకు అల్లినావిడకు ఎంత ముట్టింది, ఏజెంటుకు ఎంత, ఎగుమతిదారుకు ఎంత అని అడిగి, అంకెలు వేసి రాయించండి. ఉత్సవానికి అయిన ఖర్చు కూడా పక్కనే వేస్తే మరీ మంచిది. ఈ ఉత్తరం పెద్దదైందని తెలుసు. చోటు చాలకపోతే గ్రంథాలయం సంగతి తీసేయండి, కూలి సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక తపాలా పెన్షనరు,
నరసాపురం