ఆక్సిజన్ సెన్సార్ల విషయంలో ఇక మా షాపు పద్ధతి ఇదీ

అందరికీ నమస్కారం అండి. ఆక్సిజన్ సెన్సార్ అంటే ఎగ్జాస్ట్ పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి (ఈసీఎంకి) చెప్పేది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి, ఎవరో స్కానర్ పెట్టి "ఆక్సిజన్ సెన్సార్ పోయింది" అనగానే మా వాట్సాప్‌కి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "ఆన్‌లైన్‌లో ఎనిమిది వందలకి దొరుకుతోంది, షోరూంలో నాలుగు వేలు దాటింది, మీరేమో రెండున్నర వేలంటున్నారు. ఇందులో ఏది నమ్మాలి?" మూడు ధరలూ ఉన్నవే. కాకపోతే ఆ డబ్బుతో మీకు దొరికేది మూడు చోట్లా ఒకటి కాదు. విడివిడిగా జవాబులు రాసే బదులు అందరికీ ఒకేసారి వివరంగా చెబుదామని ఇది రాస్తున్నాను.

మారినవి ముందు చెప్పేస్తాను. స్కానర్ చూపించే కోడ్ ఒక్కటే చూసి ఇక మేం సెన్సార్ మార్చం. ముందు పరీక్ష చేస్తాం, దానికి నాలుగు వందలు తీసుకుంటాం. పని మా దగ్గరే చేయించుకుంటే ఆ నాలుగు వందలు బిల్లులో తీసేస్తాం. పేరూ ఊరూ లేని సెన్సార్లు ఇదివరకు అడిగినవాళ్ళకి తెప్పించి ఇచ్చేవాళ్ళం, ఇక అడిగినా తెప్పించం. మేం వేసిన సెన్సార్‌కి ఆరు నెలల దాకా పూచీ మాది. ఎలక్ట్రికల్ సామానుకి వాపసు లేదని హోల్‌సేల్ వాళ్ళు బిల్లు మీదే స్టాంపు కొట్టి ఇస్తారు కాబట్టి, తేడా వస్తే ఆ నష్టం మేమే భరిస్తాం. మేం ముందు పరీక్ష చేసి తీరాలనడానికి అదీ ఒక కారణమే.

తక్కువలో మంచి సెన్సార్ దొరకడం గురించి చెప్తాను. కార్ల కంపెనీలు చాలావరకు ఈ సెన్సార్‌ని సొంతంగా చేసుకోవు. బాష్, డెన్సో, ఎన్‌టీకే లాంటి నాలుగైదు కంపెనీల దగ్గర చేయించుకుని తమ డబ్బాలో పెట్టుకుంటాయి. అసలు ఈ సెన్సార్‌ని మొదట తెచ్చింది బాష్ వాళ్ళే. 1976లో అమెరికాలో కాలిఫోర్నియాకి పంపిన వోల్వో 240 కార్లతో ఇది మొదలైంది. ఎన్‌టీకే అంటే మనందరికీ తెలిసిన ఎన్‌జీకే స్పార్క్ ప్లగ్గుల కంపెనీదే. మీ కారులో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెన్సార్ విప్పి ఆరు పలకల నట్టు మీద మసి తుడిస్తే, తయారు చేసిన కంపెనీ గుర్తు, ఆ కంపెనీ నంబరు చాలాసార్లు కనిపిస్తాయి. ఆ నంబరుతో అదే కంపెనీ డబ్బాలో వచ్చే సెన్సార్ వెతికితే, షోరూం ధర కంటే వెయ్యి, పదిహేను వందలు తక్కువకే వస్తుంది. చిన్న పెట్రోలు కార్లకి మా దగ్గర రెండు వేల నుంచి మూడున్నర వేల మధ్యలో పడుతోంది. విజయవాడలో లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి రాత్రి బస్సు పార్శిల్లో తెప్పిస్తాం. ఆటో విడిభాగాలన్నిటికీ 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. ఎవరైనా పాత రేట్ల పట్టిక చూపించి 28 శాతం లెక్క చెబితే ఒప్పుకోకండి.

మాకు మిగిలే డబ్బు సంగతి కూడా దాచను. ఇలా తెచ్చిన సెన్సార్ మీద మాకు రెండు మూడు వందలు మిగులుతాయి. పేరు లేని సెన్సార్ అయితే నాలుగు వందలకి కొని పన్నెండు వందలకి వేయొచ్చు, ఎనిమిది వందలు జేబులో పడతాయి, కస్టమరు కూడా చౌకగా అయిందని సంతోషపడతాడు. ఆ సంతోషం ఎక్కువ రోజులు ఉండదు. మేం పరీక్షించిన వాటిలో చాలావాటికి సెన్సార్‌ని వేడెక్కించే లోపలి హీటర్ బలహీనంగా ఉంది, వేడెక్కడానికి చాలా సేపు పడుతోంది. సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ ఈ సెన్సార్ సరిగ్గా పని చేయదు. అంతవరకు ఈసీఎం దాని మాట వినకుండా ముందే రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కులో పావుగంట తిరిగి ఇంటికెళ్ళే బండికి అది ఎంత నష్టమో మీరే ఆలోచించండి.

ఇక పరీక్ష విషయం. నాలుగు వందలు ఎందుకని అడిగేవాళ్ళు ఇది చదవాలని నా కోరిక.

పోయిన నెల గుడివాడ నుంచి ఒక కారు వచ్చింది. ఇంజిన్ వైపుండే ముందు సెన్సార్‌ని వేరేచోట రెండుసార్లు మార్పించుకున్నారు, అయినా కొన్నాళ్ళకే లైటు మళ్ళీ వెలుగుతోంది. కోడ్ పి0171, అంటే గాలి ఎక్కువగా ఉంది, పెట్రోలు తక్కువగా ఉంది అని. బండిని రాత్రి మా దగ్గరే ఉంచమన్నాం. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి వింటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ వచ్చి కలిసే గొట్టం) వైపు నుంచి టిక్ టిక్‌మని చప్పుడు. చెయ్యి దగ్గర పెడితే వేళ్ళకి పొగ చిన్నగా కొడుతోంది. అక్కడ సందు మూసే గాస్కెట్ అంచున అగ్గిపుల్లంత నల్లటి మసి గీత ఉంది. ఐదు నిమిషాలు గడిచి లోహం వేడెక్కగానే చప్పుడు ఆగిపోయింది, అందుకే ఎండవేళ చూసినవాళ్ళకి అది దొరకలేదు. చప్పుడు ఆగినా సందు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి కొట్టి కొట్టి ఆగే ప్రతిసారీ ఆ సందులోంచి బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. దాని తర్వాత ఉన్న ఈ ముందు సెన్సార్‌కి ఆ ఆక్సిజన్ కనిపిస్తుంది, పెట్రోలు తక్కువైందని ఈసీఎంకి చెబుతుంది. కొత్త సెన్సారైనా పాత సెన్సారైనా చెప్పేది అదే, ఎందుకంటే అక్కడ నిజంగానే ఆక్సిజన్ ఉంది. గాస్కెట్ మార్చాక ఆ లైటు మళ్ళీ రాలేదు. సెన్సార్లకి పోసిన డబ్బులో గాస్కెట్, కూలీ కలిపి సగం కూడా కాలేదు.

అందుకే మా పరీక్షలో సెన్సార్ ఆఖరున వస్తుంది. ముందు ఎగ్జాస్ట్ లీకు, తర్వాత ఇన్‌టేక్ వైపు రబ్బరు గొట్టాల పగుళ్ళు, తర్వాత ప్లగ్గులు. ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టినా (అంటే అందులో పెట్రోలు మండకపోయినా) అందులో మండని ఆక్సిజన్ అంతా సెన్సార్ దగ్గరికే వచ్చి అదే తప్పుడు సంకేతం ఇస్తుంది. కోడ్ పి0135 వస్తే అది హీటర్ సర్క్యూట్, ముందు ఫ్యూజు చూస్తాం. పది రూపాయల ఫ్యూజుతో సరిపోయిన బండ్లు ఉన్నాయి. ఫ్యూజు బాగుంటే కప్లర్ (వైర్ల ప్లగ్గు) విప్పి, హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెడతాం. రీడింగ్ అసలేమీ రాకపోతే లోపల తీగ తెగినట్టే, ఇక అనుమానం లేదు, సెన్సార్ మార్చాల్సిందే. హీటర్ బాగుంటే ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో గ్రాఫ్ పెట్టి రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర చూస్తాం. నాలుగు వైర్ల మామూలు సెన్సార్ అయితే గీత 0.1 వోల్టుకీ 0.9 వోల్టుకీ మధ్య చకచకా పైకీ కిందకీ కొట్టుకోవాలి. బద్ధకంగా కదులుతున్నా, మధ్యలో ఒకచోట పడి ఉన్నా దాని పని అయిపోయినట్టు. ఆ గ్రాఫ్ ఫోటో మీ వాట్సాప్‌కి పంపుతాం. అది పట్టుకుని మీరు వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళినా మాకు అభ్యంతరం లేదు.

సీఎన్జీ, ఎల్పీజీ కిట్లు వేయించిన పాత బండ్ల వాళ్ళకి ఒక మాట. కిట్ పెట్టేటప్పుడు చాలామంది ఆక్సిజన్ సెన్సార్ సిగ్నల్ వైరు కోసి అతుకు వేస్తారు. కిట్ తీసేసినా ఆ అతుకు అలాగే టేపు కింద ఉండిపోయి పచ్చగా చిలుము పడుతుంది. మీ బండికి ఎప్పుడైనా కిట్ ఉండి ఉంటే వచ్చినప్పుడు తప్పకుండా చెప్పండి, మొదట అక్కడే చూస్తాం.

వెనక సెన్సార్ లెక్క వేరు. అది పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండి, కన్వర్టర్ పని చేస్తోందో లేదో చూస్తుంది. కన్వర్టర్ సరిగ్గా పని చేయట్లేదని చెప్పే కోడ్ పి0420 వచ్చిందంటే ఎక్కువసార్లు ఆ సెన్సార్ తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే, అనుమానించాల్సింది కన్వర్టర్‌ని. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుండే సామాను అది, చవకగా తేలదు. ఈ లైటు రాకుండా వెనక సెన్సార్ కింద ఒక బుడిపె బిగించి పొగకి దూరంగా జరపమని కొందరు అడుగుతున్నారు. సెన్సార్ కళ్ళు కప్పి పొగ మాత్రం ఊరి మీద వదిలే పని అది. మేం చేయం, ఎంత ఇస్తానన్నా చేయం. ముందు సెన్సార్ పోయిందని తేలాక నెలల తరబడి అలాగే తిప్పకండి అని నేను బతిమాలేది కూడా ఈ కన్వర్టర్ కోసమే. పెట్రోలు ఎక్కువై మండకుండా వెళ్ళిందంతా కన్వర్టర్‌లో మండి దాన్ని కాల్చేస్తుంది. రెండున్నర వేల పని వాయిదా వేస్తే దానికి ఎన్నో రెట్ల ఖర్చు మీద పడుతుంది.

ఇంకా తగ్గించుకునే దారి ఒకటుంది, యూనివర్సల్ సెన్సార్. అదే మంచి కంపెనీది, కాకపోతే కప్లర్ ఉండదు, మీ పాత కప్లర్ కోసి దీనికి కలపాలి. ఐదారు వందలు కలిసొస్తాయి. బాష్ నాలుగు వైర్ల రకంలో సాధారణంగా రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నల్లది సిగ్నల్, బూడిద రంగుది గ్రౌండ్. వేరే కంపెనీల రంగులు వేరు, అక్కడ పొరపాటు పడితే కొత్త సెన్సారే పోతుంది. వైర్లు టంకం పెట్టి అతకకూడదు. చాలా సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని ఆ వైరు పోగుల సందుల్లోంచే పీల్చుకుంటాయి, టంకం కరిగి లోపలికి పాకితే ఆ దారి మూసుకుపోతుంది. మేం నొక్కుడు కనెక్టర్లే వాడతాం. బండి పాతదైతే, మీరు ఒప్పుకుంటే ఈ దారి నాకు నచ్చినదే. గాలి, పెట్రోలు లెక్కని ఇంకా కచ్చితంగా కొలిచే, ఐదారు వైర్లుండే వైడ్‌బ్యాండ్ సెన్సార్లకి మాత్రం ఇలాంటి చౌక దారి లేదు. వాటి స్థానంలో నాలుగు వైర్లది పెట్టడం అస్సలు కుదరదు. ఆ బండ్ల వాళ్ళకి తక్కువ ధర చెప్పలేకపోతున్నందుకు బాధగానే ఉంది.

మా వీధి చివరే స్క్రాపు బండ్లు విప్పుతారు, అక్కడ ఐదొందలకి సెకండ్ హ్యాండ్ సెన్సార్ దొరుకుతుంది. ముందు సెన్సార్‌గా అది వేయను. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలోంచి తీసినదానికి ఇంకెంత ఆయుష్షు ఉందో చెప్పలేం. పైగా విప్పేటప్పుడు సుత్తి దెబ్బ తగిలితే లోపలి పింగాణీకి పగులు వస్తుంది, బయటికి కనిపించదు.

నకిలీల గురించి. పెద్ద కంపెనీ డబ్బాలోనే నకిలీ వస్తోంది. అసలు దాంట్లో నంబరు సాధారణంగా లోహం మీద చెక్కి ఉంటుంది, గోరుతో గీస్తే తగులుతుంది. నకిలీల్లో నేను చూసినవి చాలావరకు సిరాతో అచ్చు వేసినవి, థిన్నర్ గుడ్డతో తుడిస్తే చెదిరిపోయాయి. డబ్బా మీద నంబరు, సెన్సార్ మీద నంబరు ఒకటేనా అన్నది కూడా చూసుకోండి. సెన్సార్ మీరే కొని తెచ్చినా బిగించి ఇస్తాం, కూలీ మాత్రమే తీసుకుంటాం, పూచీ ఉండదు. ఈ తుడిచే పరీక్ష మాత్రం మీ ఎదురుగానే చేస్తాం.

ఈ మధ్య తరచూ అడుగుతున్నది, "ఈ20 పెట్రోలు వల్ల సెన్సార్లు పోతున్నాయా?" అని. నేను చూసినంతలో సెన్సార్ తప్పు కాదు. మామూలు పెట్రోలు కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఈ20లోలాగా పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం కలిపితే లెక్క దాదాపు 13.5కి దిగుతుంది. అంటే అదే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. సెన్సార్ ఆ తేడా చెబుతుంది, ఈసీఎం పోస్తుంది. అప్పటికే చిన్న గాలి లీకో, మురికి పట్టిన ఇంజెక్టరో ఉన్న పాత బండిలో ఈ రెండూ కలిసి హద్దు దాటి లైటు వెలుగుతుంది. అలాంటప్పుడు సెన్సార్ మార్చి లాభం లేదు, లీకు పట్టుకోవాలి.

కూలీ దగ్గర ఒక సంగతి ముందే చెబుతున్నాను. బందరు వైపు నుంచి వచ్చే బండ్లలో ఉప్పుగాలికి సెన్సార్ తుప్పు పట్టి కరుచుకుపోతోంది. రస్ట్ స్ప్రే కొట్టి, ఇంజిన్ కాస్త వేడి చేసి, పక్కన వైరు దూరే సందున్న సాకెట్టుతో విప్పుతాం. అయినా ఒక్కోసారి మరలు ఊడొస్తాయి. అప్పుడు మరలు మళ్ళీ కోయడానికి అదనంగా ఖర్చవుతుంది, ఫోన్ చేసి మీరు సరేనన్నాకే చేస్తాం.

లైటు నిలకడగా వెలుగుతుంటే కంగారు పడనక్కర్లేదు, ఆ వారంలో తీసుకురండి. మిణుకుమిణుకుమని కొట్టుకుంటుంటే మాత్రం మిస్సింగ్ గట్టిగా ఉన్నట్టు. పక్కన ఆపి ఫోన్ చేయండి, నడపకండి.

వచ్చే ముందు ఆర్‌సీ మీద ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు వాట్సాప్ చేస్తే సరిపోయే నంబరు, ధర ముందే చూసి పెడతాం. ఒకే మోడల్లో కూడా ఏడాదిని బట్టి వైరు పొడవు, కప్లర్ ఆకారం మారుతున్నాయి. వీలైతే బండిని ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్ళండి. పొద్దున చల్లటి ఇంజిన్ మీద లీకులు, వేడెక్కాక గ్రాఫ్ రెండూ చూసి, పదకొండు గంటలకల్లా ఏం మార్చాలో, ఎంతవుతుందో మీకు ఫోన్ చేస్తాం.