దేశాంతర సువార్తకు ముందు మందస కొండలు

సంపాదకులకు వందనాలు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్త క్రైస్తవ సంఘాలు చాలా మొదలవుతున్నాయి. సంతోషమే. కానీ పుట్టిన ఏడాదికే ‘నేపాల్ మిషన్’, ‘ఆఫ్రికా మిషన్’ అంటూ కానుక కవర్లు పంచడం కూడా మొదలవుతోంది. సంఘ పద్దులు రాసేవాళ్లుగా మా అభిప్రాయం ఇది: పాస్టరు జీతం, అద్దె తన కానుకలతోనే కట్టుకోగలిగాక సంఘం బయటి సేవ సంగతి చూడాలి. అప్పుడు కూడా ఆ సొమ్ములో ముప్పాతిక వంతుకు తక్కువ కాకుండా మన చుట్టుపక్కలకే వెళ్లాలి.

నరసన్నపేట, రాజాం, చీపురుపల్లి లాంటి చోట 30 కుటుంబాలతో సంఘం ఉందనుకుందాం. కూలి, చిన్న రైతు, ఆటో కుటుంబాలే ఎక్కువైతే దశమ భాగం (సంపాదనలో పదో వంతు) అందరూ పూర్తిగా ఇవ్వరు. సగటున ఇంటికి నెలకు 400 రూపాయలు వేసుకుంటే 12,000. దీనికి పిడికెడు బియ్యం తోడవుతుంది. వంటకు తీసిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం పక్కన డబ్బాలో వేయడం మన స్త్రీల సమాజాలకు కొత్త కాదు. మిజోరం సంఘాలు ఇదే పద్ధతితో మిషనరీలను పంపుతున్నాయి. గుప్పెడు సుమారు 50 గ్రాములు, రోజుకు రెండు పూటలు, నెలకు ఇంటికి 3 కిలోలు. 30 ఇళ్లకు 90 కిలోలు. కిలో 40 చొప్పున అమ్మినా 3,600. మొత్తం 15,600.

ఇందులో పదో వంతు, అంటే 1,560, ముందే తీసి బయటి సేవకు పక్కన పెట్టాలి. మిగిలితే ఇద్దాంలే అనుకుంటే ఏ నెలా మిగలదు. తర్వాత పాస్టరుకు 9,000, హాలు అద్దె 3,000, కరెంటు, మైకు 600, సండే స్కూలు 500, పాస్టరు బస్సు, పెట్రోలు ఖర్చు 800. అన్నీ పోను చేతిలో ఉండేది 140 రూపాయలు. 9,000తో కుటుంబం గడవడం కష్టమే. పాస్టరు వారంలో మూడు రోజులు వేరే పని చేసుకుంటానంటే సంఘం చిన్నతనంగా భావించకూడదు. పౌలు డేరాలు కుట్టుకున్నాడు కదా.

ఈ లెక్క కూడా మంచి నెలలదే. వరి ఉభాల (నాట్ల) రోజుల్లో పది గంటల ఆరాధనకు ఎవరూ రారు, ఏడింటికి మార్చాలి. సంక్రాంతి వెళ్లగానే హైదరాబాద్‌కు, చెన్నైకు వలసలు. తీరం ఊళ్ల నుంచి వేటకు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లినవాళ్లు నెలల తరబడి ఇంటికి రారు. అందుకే బడ్జెట్ తక్కువ వచ్చే నెలలను చూసి వేసుకోవాలి. క్రిస్మస్ నెల కానుకలు చూసి పాస్టరు జీతం పెంచి, మార్చి వచ్చేసరికి బాకీ పడ్డ సంఘాలు ఎన్నో.

కానుక లెక్కపెట్టే పద్ధతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరాధన అవగానే, అదే గదిలో, ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాలి. నోట్ల వారీగా చీటీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఆ చీటీని రిజిస్టరులో అంటించి, సోమవారం సొమ్ము బ్యాంకులో వేయాలి. పాస్టరు గాని, ఆయన భార్య గాని ఆ సంచి ముట్టుకోకూడదు. ఇది వాళ్ల మీద అనుమానంతో పెట్టే పద్ధతి కాదు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే వాళ్లను కాపాడేది ఆ చీటీయే.

నమోదు సంగతి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ పాస్టరు, భార్య, కొడుకు, అల్లుడు, బావమరిది అయితే అది సంఘం కాదు, ఇంటి వ్యాపారం. స్థలం సొసైటీ పేరున గాని ట్రస్టు పేరున గాని రిజిస్టరు కావాలి. పాస్టరు సొంత పేరున ఉంటే ఆయన పోయాక వారసులు తాళం వేస్తారు. కోర్టులో వాళ్లదే పైచేయి అవుతుంది. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) చవకగా వస్తుందని కొనకండి. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీలో గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టం అమల్లో ఉంది కాబట్టి గిరిజనేతరుల పేరున ఏ కాగితం రాయించుకున్నా చెల్లదు.

పన్నెండు కుటుంబాలు కూడగానే అప్పు చేసి స్లాబు వేయడం మరో జబ్బు. 20 అడుగులకు 30 అడుగుల రేకుల షెడ్డులో చాపల మీద వందమంది కూర్చోవచ్చు. కాకపోతే రేకులను జె-బోల్టులతో పర్లిన్లకు (రేకుల కింది అడ్డ కమ్మీలకు) బిగించాలి, బోల్టు కింద రబ్బరు వాషరు ఉండాలి, అంచు వరసలో బోల్టులు దగ్గరదగ్గరగా పడాలి. గాలి ముందు అంచునే లేపుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ఉద్దానం వాళ్లకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. మైకుకు పోలీసుల అనుమతి కాగితం తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకరు పెట్టడానికి లేదు. తెల్లవారుజామున నాలుగింటికి మైకులో పాటలు పెట్టి ఊరివాళ్లను శత్రువులను చేసుకున్న సంఘాన్ని ఎవరూ హింసించలేదు, అది చేజేతులా తెచ్చుకున్నది.

మొదటి పెళ్లికీ మొదటి చావుకూ ముందే సిద్ధపడాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి జరిపించే అధికారం పాస్టరుకు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే సర్టిఫికెట్టు దగ్గర, ముఖ్యంగా వీసా సమయంలో, ఆ జంట ఇబ్బంది పడుతుంది. సమాధుల తోట సాధారణంగా పాత సంఘం చేతిలో ఉంటుంది. వాళ్లతో గొడవపడి విడిపోయి వచ్చిన సంఘమైతే శవాన్ని గుమ్మంలో పెట్టుకుని బతిమాలుకోవాలి. కాబట్టి పాత సంఘం నుంచి వచ్చే సభ్యులు బదిలీ ఉత్తరంతో రావడం, పంచాయతీతో స్థలం మాట్లాడుకోవడం మొదటి ఏడాదిలోనే జరగాలి.

ఇక విదేశాల సొమ్ము. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు సంఘం పని కోసమని పాస్టరు ఖాతాలో వేసే డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది. ఆ బంధువుకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా అంతే. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే మాత్రం కాదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. నమోదుకు సంస్థ మూడేళ్లు పనిచేసి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. సొమ్ము ముందుగా న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ మరో సంస్థకు ఆ సొమ్ము బదలాయించడానికీ వీల్లేదు. ‘పెద్ద సంస్థ మాకు పంచుతుంది’ అనే కొత్త సంఘాల ఆశకు అక్కడితో తెరపడింది.

మన డబ్బు బయటికి పంపడమూ సులువు కాదు. ఏటా రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకునే వెసులుబాటు వ్యక్తులకే, ట్రస్టులకు కాదు. ప్రత్యేక అనుమతి లేకుండా ట్రస్టు విదేశాల్లో పెట్టిన ఖర్చుకు పన్ను మినహాయింపూ రాదు. నేపాల్‌కు వీసా అక్కర్లేదని బస్సు ఎక్కేవాళ్లు అక్కడి చట్టం చదువుకోవాలి. మతమార్పిడి చేయిస్తే ఐదేళ్ల వరకు జైలు. మనం ఫొటోలు దిగి తిరిగొస్తాం, పోలీసు స్టేషను చుట్టూ తిరిగేది అక్కడి పాస్టరు. అంత దూరం ఎందుకు, ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో మతమార్పిడుల మీద 1967 చట్టం ఉంది. అక్కడ బాప్తిస్మం ఇచ్చే ముందు జిల్లా మెజిస్ట్రేటుకు తెలియజేయాలి.

దూరదేశపు సేవ వద్దని మేం అనడం లేదు. 1903లో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య సువార్త పనికి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లాడు. పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సంఘం. అక్కడ చెరకు, తేయాకు తోటల్లో ఉన్న తెలుగు కూలీల్లో చాలామంది అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లినవాళ్లే. ఎవరి దగ్గరికి వెళ్తున్నాడో, ఏ భాషలో మాట్లాడతాడో, ఎన్నాళ్లు ఉంటాడో ముందే తెలిసిన ప్రయాణం అది. ఇవాళ్టి పది రోజుల ‘మిషన్ ట్రిప్పు’లను ఆ మూడు ప్రశ్నలు అడిగి చూడండి.

పైన తీసి పెట్టిన 1,560లో 1,200 మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర గిరిజనుల ఊళ్లకు తిరిగే సేవకుడికి ఇస్తే నెలలో చాలా రోజుల ఆటో, బస్సు ఖర్చు గడుస్తుంది. ఆయన సవర భాష మాట్లాడేవాడై ఉండాలి. తెలుగులో ప్రసంగించి పక్కవాడి అనువాదంతో నెట్టుకొచ్చేవాడు వద్దు. మిగిలిన 360 ఒంటరిగా సముద్రం దాటజాలదు. ఇరవై సంఘాలు కలిపితే 7,200. దాన్ని చట్టపరమైన అనుమతులున్న మన దేశపు మిషన్ సంస్థకు, పేరు తెలిసిన ఒకే సేవకుడి కోసం, కనీసం మూడేళ్ల మాట మీద ఇవ్వాలి. ఆ సేవకుడు మూడు నెలలకోసారి ఉత్తరం రాయాలి, సంస్థ ఏటా ఆడిట్ కాగితం చూపాలి. ఈ రెండూ రాకపోతే మరుసటి నెల నుంచి ఆ 360 కూడా కొండలకే మళ్లించాలి.

మన రెండు జిల్లాల్లోని అసోసియేషన్లు తమ సంఘాల వార్షిక జమాఖర్చులను జనవరి నెలాఖరులోగా నోటీసు బోర్డుల మీద పెట్టించాలని, బయటి సేవకు ఎత్తిన సొమ్ము ఎంత, పంపింది ఎంత, ఎవరికి అన్నది విడిగా చూపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు సంఘ కోశాధికారులు,
శ్రీకాకుళం