లాంగ్ కోవిడ్ వాళ్లకి వ్యాయామం చెప్పే ముందు ఒక్క మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కోవిడ్ తర్వాత నీరసం తగ్గాలంటే రోజూ నడవండి, వారం వారం పెంచుకుంటూ పోండి అని మీ ఆరోగ్యం పేజీలో రాశారు. అందరికీ పనికొచ్చే సలహాలాగే ఉంది గానీ లాంగ్ కోవిడ్‌లో, అంటే కోవిడ్ తగ్గిపోయినా నీరసం లాంటివి నెలల తరబడి వదలని జబ్బులో, చాలామందికి అదే ముప్పు తెస్తుంది, అందుకే ఈ ఉత్తరం.

ఐసీయూలో రోజుల తరబడి పడుకుని స్టెరాయిడ్లు వాడినవాళ్లకి కండ కరిగిపోతుంది, వాళ్లకి ఫిజియోథెరపీతో మళ్లీ సత్తువ వస్తుంది, అందులో గొడవేం లేదు. కానీ ఇంట్లోనే తగ్గిపోయి నెలలు గడిచినా నాలుగు మెట్లెక్కితే కాళ్లు పీకేసేవాళ్ల సంగతి వేరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 25 మంది లాంగ్ కోవిడ్ పేషెంట్లనీ 21 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లనీ సైకిల్ తొక్కించి, తొక్కకముందు ఒకసారి, మర్నాడు ఒకసారి తొడ కండరం ముక్క తీసి చూశారు, 2024 జనవరిలో ఆ రిపోర్టు బయటికొచ్చింది. పేషెంట్ల కండరాల్లో మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తి తయారుచేసి ఇచ్చేవి, ముందే మందకొడిగా పనిచేస్తున్నాయి, తొక్కాక ఇంకా దిగజారాయి, కండరం పోగులు దెబ్బతిని చచ్చిపోయిన గుర్తులు కూడా ఎక్కువగా కనిపించాయి. త్వరగా అలసిపోయే రకం పోగులే వాళ్లలో ఎక్కువట. వైరస్ లోపల మిగిలిపోయినందువల్లే ఇదంతా అనడానికి మాత్రం ఆధారం దొరకలేదు.

2022లో వచ్చిన ఇంకో చిన్న స్టడీలో గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉన్నా రక్తంలోంచి ఆక్సిజన్‌ని ఒళ్లు సరిగ్గా తీసుకోలేకపోతోందని తేలింది. మరి ఎకో, ఎక్స్‌రే నార్మల్ రాక ఏమొస్తాయి? ఆ కాయితాలు చూసి ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు, కొందరు డాక్టర్లు కూడా ఒళ్లు వంచట్లేదు అనేస్తారు, ఇదే నాకు మండుకొచ్చే విషయం.

పైగా దెబ్బ వెంటనే తెలీదు. పని చేసిన పూట బాగానే ఉంటారు, మర్నాడో మూడోనాడో మంచం మీంచి లేవలేరు. అందుకే వ్యాయామం రాసే ముందు, పని చేసిన తర్వాత రెండు మూడు రోజులు ఎలా ఉంటోంది అని డాక్టర్లు అడిగితే చాలు, ఖర్చు లేని టెస్టు అది. రక్తహీనత, థైరాయిడ్, నిలబడితే గుండె దడ ఇవి కూడా చూడాలి, అన్నీ లాంగ్ కోవిడ్ ఖాతాలో వేయకూడదు. అలా కుప్పకూలేవాళ్లకి ఓపిక ఉన్నంతలోనే పని, మధ్యలో రెస్టు, అంతే. బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ, ఇలాంటి లక్షణాలే ఉండే ఎంఈ అనే దీర్ఘకాలిక అలసట జబ్బుకి లెక్కప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామం వద్దని 2021లోనే చెప్పేసింది.

ఆ సలహాల కింద ఈ హెచ్చరిక కూడా మీ పేపర్లో వేయండి, అదే పేజీలో, కనపడేట్టు.

ఇట్లు,
మీ పాఠకుడు