బ్రిస్టల్‌లో ఒక పూట ఆర్నోస్ వేల్‌కి

ఒరేయ్ మూర్తీ,

బ్రిస్టల్ వెళ్తున్నావు కదా, ఒక పూట ఆర్నోస్ వేల్ శ్మశానానికి కేటాయించు. గేటు దగ్గర్లోనే రామమోహన రాయ్ సమాధి ఉంటుంది. 1833లో బ్రిస్టల్ పక్కనున్న స్టేపుల్‌టన్‌లో పోయాక ఆయన్ని బస చేసిన ఇంటి తోటలోనే పూడ్చారు. 1843లో ద్వారకానాథ్ ఠాగూర్ ఇక్కడికి మార్పించి, పైన రాతి ఛత్రి, అంటే స్తంభాల మీద గొడుగులాంటి మండపం, కట్టించాడు. నమూనా విలియం ప్రిన్సెప్‌ది. మన వీరేశలింగంగారూ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారూ నడిచిన బ్రహ్మసమాజానికి మూలపురుషుడురా ఆయన, కాసేపు నిలబడు.

అప్పట్లో ఇంగ్లండు ఊళ్లలో చర్చి ఆవరణలు నిండిపోయి, పాత గోతులే తవ్వి కొత్తవాళ్లని పెట్టేవారు. 1832లో కలరా కూడా వచ్చిపడింది. దాంతో ఊరి అంచుల్లో శ్మశానాలు కట్టే కంపెనీలు పుట్టాయి. ఇక్కడి కంపెనీ 1837 చట్టంతో ఏర్పడి, 1839లో శ్మశానం తెరిచింది. చార్లెస్ అండర్‌వుడ్ రెండు ప్రార్థనా మందిరాలు కట్టాడు. ఆంగ్లికన్లది, అంటే ఇంగ్లండు అధికారిక చర్చివాళ్లది, గంటగోపురంతో ఉంటుంది, ఆ చర్చిలో చేరనివాళ్లది గ్రీకు గుడిలా ఉంటుంది. నేలనీ అలాగే పంచారు.

అసలు చిక్కు లెక్కల్లోనే ఉంది. సమాధి స్థలం అమ్మేది ఒక్కసారి, గడ్డి కోయాల్సింది ఏటేటా. 45 ఎకరాల్లో అమ్మడానికి జాగా తగ్గేకొద్దీ రాబడి తగ్గుతుంది, ఖర్చు తగ్గదు. 1929లో దహనవాటిక పెట్టారు, అదీ 1998లో ఆగిపోయింది. అడవి కమ్మేసిన ఆ చోటుని 2003లో నగర కౌన్సిల్ స్వాధీనం చేసుకుంది. అలా చేసి ఉండకపోతే ఎంత పోయేదో!

ఇలాంటి చోట రాళ్లని దగ్గరగా చూడు. సీసపు అక్షరాలున్న చోట, రాతిలో అక్షరం చెక్కి, లోపల చిన్న రంధ్రాలు తొలిచి, సీసాన్ని సుత్తితో దిగ్గొడతారు. పట్టు వదిలి అక్షరం ఊడినా ఆ రంధ్రాల వరస చూసి పేరు కూడబలుక్కోవచ్చు. రాళ్లని కలిపిన ఇనుప కొక్కేలు తుప్పుపడితే ఉబ్బి రాతినే చీలుస్తాయి. మెత్తటి రాయికి సున్నం బదులు సిమెంటు పూస్తే మరీ అన్యాయం: తడి రాళ్ల అతుకుల్లోంచి బయటికి పోలేక రాతిలోంచి పోతుంది, పైపొర పెచ్చులూడుతుంది. ఐవీ తీగని ఎవరూ లాగకూడదు, వేళ్లతోపాటు రాతిముక్కా వచ్చేస్తుంది. మొదలు నరికి, ఎండనిచ్చి తీయాలి.

విరిగిన స్తంభం కనిపిస్తే అర్ధాయుష్షున పోయారని, తలకిందుల కాగడా ఉంటే ప్రాణం ఆరిందని గుర్తు.

ఏ రాతినీ ఆనుకోకు, పునాది కుంగినవి పైకి నిటారుగానే కనిపిస్తాయి. శ్మశానం పైభాగమంతా ఏటవాలు, జారని చెప్పులు వేసుకెళ్లు.

నీ
శేషు