సర్టిఫికెట్లు వచ్చాయి, ఎండార్స్‌మెంట్ రాయడం రాలేదు

సంపాదకులకు,

మండల స్థాయి ప్రభుత్వ కార్యాలయంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఆన్‌లైన్ శిక్షణ ఎలా సాగుతోందో చెబుతాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగు బల్లల మీద నాలుగు ఫోన్లు బోర్లా పడుకుని పాఠం చెబుతుంటాయి. మేము ఫైళ్లు తిప్పుతుంటాం. వీడియో అవగానే వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందురోజే వాట్సాప్ గ్రూపులో చేరి ఉంటాయి. సాయంత్రానికి అందరికీ సర్టిఫికెట్లు, ఎవరికెన్ని వచ్చాయో పైకి ఒక పట్టిక. నా ఖాతాలోనూ పద్నాలుగు ఉన్నాయి.

పథకాన్ని తప్పుపట్టను. 2020 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం ఉద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగిని ఆమోదించింది. సుమారు 46 లక్షల కేంద్ర ఉద్యోగుల కోసం అయిదేళ్లకు 510.86 కోట్ల రూపాయలు. ఎవరు చేసే పనికి తగిన పాఠం వారికి అందాలన్నదే అసలు ఉద్దేశం. ఆ పథకం ఆన్‌లైన్ పాఠాలుండే ఐగాట్ వేదికలోకి రాష్ట్రాల ఉద్యోగులూ వచ్చారు. 2024 అక్టోబరులో జాతీయ అభ్యసన వారం పెట్టి, తలా కనీసం నాలుగు గంటలు నేర్చుకోవాలన్నారు. మా దాకా వచ్చేసరికి ఆ గంటలే మిగిలాయి.

మాకు నిజంగా రానిది ఎండార్స్‌మెంట్, అంటే అర్జీదారుకు ఇచ్చే రాతపూర్వక జవాబు, రాయడం. అర్జీని తిరస్కరిస్తూ 'పరిశీలించడమైనది, నిబంధనల మేరకు వీలుపడదు' అని ఒక్క ముక్క రాసేస్తాం. ఏ నిబంధన, ఏ కాగితం తక్కువైంది, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఏదీ ఉండదు. ఆ మనిషి కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని సోమవారం కలెక్టరేట్‌కు పోతాడు. అదే అర్జీ ఇంకో నంబరుతో మళ్లీ మా బల్ల మీదికే దిగుతుంది.

దీనికి గంటల ఉపన్యాసం అక్కరలేదు. పేర్లు, సర్వే నంబర్లు తీసేసిన పాత అర్జీలు ఓ పది తెర మీద పెట్టి, జవాబు మమ్మల్నే రాయమనండి. రాసినదాన్ని డిప్యూటీ తహసీల్దారో, రిటైరైన సూపరింటెండెంటో దిద్ది పంపాలి. టిక్కులు పెట్టే ప్రశ్నలతో ఇది తేలదు. పాఠం పది నిమిషాలు చాలు. తెలుగులో ఉండాలి, యంత్రం అనువదించిన తెలుగు కాదు, అడంగల్ (ఊరి భూమి, పంటల లెక్కల పుస్తకం) చూసి ఎరిగినవాళ్లు రాసిన తెలుగు. వారానికి ఒక గంట మా కౌంటరు ఇంకొకరికి అప్పగించి మమ్మల్ని కూర్చోబెట్టండి. ఆ గంట దొరకనంత కాలం ఫోన్లు బోర్లానే ఉంటాయి.

మూడు నెలలయ్యాక మా ఎండార్స్‌మెంట్లు ఓ ఇరవై తీసి చదవండి. పట్టికలో సర్టిఫికెట్ల గడి కొట్టేసి, తిరిగొచ్చిన అర్జీలెన్నో వేయమనండి. మొదటి నెల పట్టిక నేనే తయారుచేస్తాను.

ఒక సీనియర్ అసిస్టెంట్
(పేరు ప్రచురించవద్దని మనవి)