పక్షులు తొమ్మిది గంటల దాకా ఆగవు

సంపాదకుల వారికి,

విశాఖ చుట్టుపక్కల పక్షులను చూడటానికి ఒక్కరోజు యాత్రలు చేసేవారు పెరుగుతున్నారని గతవారం మీరు ప్రచురించిన వార్త చదివి సంతోషించాను. కానీ పక్షులు తిరిగే వేళకు మన పార్కుల గేట్లు తెరుచుకోవన్న సంగతి అందులో లేదు.

పొద్దుపొడిచాక మొదటి రెండు మూడు గంటలే పక్షులు మేతకు తిరిగే సమయం. ఈ తీరంలో ఉక్క మొదలైతే పికిలి పిట్టలు కూడా పొదల్లోంచి బయటకు రావు. మొన్న ఆదివారం నగరాన్ని ఆనుకొని ఉన్న ఒక పార్కుకు (పేరు రాస్తే అక్కడి చిన్న ఉద్యోగి మీద పడుతుంది, అందుకే రాయను) పిల్లలను తీసుకుని తెల్లవారకముందే వెళ్లాం. తొమ్మిది దాటితే గానీ లోపలికి వదల్లేదు. మా వెనకే పెద్ద స్పీకరుతో ఒక బృందం వచ్చింది. ఆ మోతకు చెట్ల మీద ఒక్క పిట్ట నిలవలేదు. ఆపించమని అడిగితే, "వాళ్లూ టికెట్ కొన్నారు కదండీ" అన్నాడు కాపలాదారు. నిబంధన రాసి పెట్టని పైవారిని వదిలేసి అతన్ని ఏమనగలం?

తెల్లవారుజామున అడవిలో చిరుతల భయం ఉందంటారా, ఒక గార్డును తోడు పంపండి. అందుకు రుసుము పెంచినా కడతాం.

ఈ నగరానికి ఉన్నంత భాగ్యం ఎన్ని నగరాలకు ఉంది? దాదాపు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం జాతీయ రహదారి పక్కనే ఉంది. మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ జలాశయాలు ఊరిని ఆనుకునే ఉన్నాయి. కాస్త దూరం వెళ్తే కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు. అక్కడ రెండు తాటి దోనెలను జతకట్టి నడిపేవారికి నామాలకోళ్లు ఏ మూల మేస్తాయో, వలస బాతులు ఎప్పుడు దిగుతాయో తెలుసు. వారికి కాస్త శిక్షణ, జీతం ఇచ్చి గైడ్లుగా పెట్టుకోవచ్చు. అయితే 2022లో ఆ ఆవ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినప్పటి నుంచి ఇక్కడ ఎవరిని అడిగినా అది మాది కాదంటున్నారు. అటవీ శాఖను అడిగితే పర్యాటక శాఖ పేరు చెబుతారు, అక్కడికి వెళితే కార్పొరేషన్‌ను అడగమంటారు.

ఇక నగరంలోని పార్కుల సంగతి. సుందరీకరణ అనగానే పొదలు నరికి పచ్చిక పరుస్తారు. పొద లేకపోతే జెముడుకాకి ఎక్కడ గూడు కట్టుకుంటుంది? 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. అది పాత చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. 2014 హుద్‌హుద్ తుపానుకు అటువంటి చెట్లు ఎన్ని కూలిపోయాయో ఈ ఊరివారందరికీ తెలుసు. మిగిలినవాటినైనా కాపాడాలి కదా! అడ్డొచ్చిందని, ఆకులు రాలుతున్నాయని కొమ్మలు నరుకుతూనే ఉన్నారు. మన పిల్లలు కాకినీ పావురాన్నీ తప్ప మరో పిట్టను గుర్తుపట్టలేకపోతున్నారంటే తప్పు వాళ్లది కాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, కనీసం శని, ఆదివారాల్లో ఉదయం ఆరు గంటలకే గేట్లు తీయాలి. స్పీకర్లను గేటు దగ్గరే ఆపాలి. ఇది ఏ శాఖ చేయాలో, ఎప్పటి నుంచి చేస్తుందో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానే చెప్పాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం