60 కోట్ల థంబ్‌నెయిల్, 4.75 కోట్ల ఉత్తర్వు: మీ విడాకుల వీడియోలపై ఫిర్యాదు

తిరుపతి

ఫిర్యాదుల అధికారి గారికి,
డిజిటల్ వార్తల తెలుగు విభాగం

విషయం: ప్రముఖుల విడాకుల భరణాలపై మీ చానల్లో వస్తున్న తప్పుడు అంకెలు, తప్పుడు చట్ట సమాచారం సరిచేయాలని కోరుతూ

అయ్యా,

మేము తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో కుటుంబ కేసులు చూసే న్యాయవాదులం. సినిమావాళ్లో క్రికెటర్లో విడిపోయిన ప్రతిసారీ మీరు వరసగా వదిలే వీడియోల గురించే ఈ లేఖ. అసలు ఆ వార్తే వేయొద్దని మా ఉద్దేశం కాదు. అంకె ఎక్కడిదో చెప్పకుండా వేస్తున్నారు, చట్టంలో లేని హక్కును ఉన్నట్టు చెబుతున్నారు. అది నమ్మి మా దగ్గరికి వచ్చేవాళ్లకు రాజీ కుదర్చడం కష్టమైపోతోంది.

క్రికెటర్ యజువేంద్ర చాహల్, ఆయన భార్యగా ఉన్న ధనశ్రీ వర్మల విడాకుల వీడియోతో మొదలుపెడతాం. భరణం 60 కోట్లని థంబ్‌నెయిల్ మీద వేశారు. ఆ పుకారు లేచినప్పుడే ధనశ్రీ కుటుంబం అది అబద్ధమని ప్రకటన ఇచ్చింది. 2025 మార్చిలో బాంబే హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అసలు లెక్క బయటికొచ్చింది. ఇద్దరూ ఒప్పుకున్నది 4.75 కోట్లు, అప్పటికి ముట్టింది 2.37 కోట్లు. అయినా మీ 60 కోట్ల వీడియో ఈనాటికీ అలాగే ఉంది.

తర్వాతి వీడియోలో అంకె సరిచేశారు గానీ, "డబ్బున్నోళ్లకు ఒక్కరోజులో విడాకులు" అన్నారు. జరిగింది అది కాదు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో పిటిషన్ వేస్తే రెండో విచారణకు 6 నెలలు ఆగాలి. ఆ గడువు తప్పనిసరి కాదని, కోర్టు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. దానికి షరతులున్నాయి: పిటిషన్ వేసేనాటికే విడిగా ఉండటం మొదలై ఏడాదిన్నర దాటాలి, కలిపే ప్రయత్నాలు విఫలమవ్వాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోవాలి, ఇంకా ఆగితే ఇద్దరికీ బాధ తప్ప ఫలితం లేదని కోర్టుకు అనిపించాలి. చాహల్ దంపతులు 2022 జూన్ నుంచీ విడిగానే ఉన్నారు. భరణం సగమే ముట్టింది కదా అని ఫ్యామిలీ కోర్టు సడలింపు నిరాకరించింది. మిగతా సగం డిక్రీ (విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) వచ్చాక ఇవ్వాలని ఒప్పందంలోనే ఉంది కాబట్టి ఉల్లంఘన లేదని హైకోర్టు అంది. ఈ సడలింపు పలమనేరు రైతుకైనా, శ్రీకాళహస్తి టీచరమ్మకైనా అందుబాటులో ఉన్నదే. మొదటి విచారణ అయిన వారానికి కారణాలు రాసి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆ 2017 తీర్పులోనే ఉంది. మీ వీడియో చూసినవాళ్లకు మాత్రం అది డబ్బున్నవాళ్ల దారి అని నాటుకుపోయింది.

విడతల సంగతీ అంతే. "సగమే ఇచ్చి తప్పించుకున్నాడు" అని మీ యాంకర్ అన్నారు. విడతలు పెట్టేది తప్పించుకోవడానికి కాదు, ఇద్దరి భయాలూ తీరడానికి. డబ్బు మొత్తం ముందే ఇచ్చేస్తే రెండో విచారణ నాటికి అవతలివాళ్లు అంగీకారం వెనక్కి తీసుకుంటారేమోనని భర్తకు దిగులు. డిక్రీ ముందొచ్చేస్తే మిగతా డబ్బు కోసం ఈపీ (ఉత్తర్వును అమలు చేయించమనే పిటిషన్) వేసి ఏళ్లపాటు తిరగాల్సి వస్తుందేమోనని భార్యకు దిగులు. అందుకే ఇక్కడ మామూలుగా చేసేది ఏమిటంటే, ఒక భాగం పిటిషన్ వేసేటప్పుడు ఇస్తారు, మిగతాదానికి డీడీ తీసి చివరి వాయిదా రోజున కోర్టులోనే చేతికిస్తారు. రాజీ పత్రంలో మొత్తం, తేదీ, డీడీ ఎవరి పేరున అన్నది ఉండాలి. పెట్టిన నగలు, సామాన్లు తిరిగిచ్చారా లేదా అన్నది వేరే పేరాలో రాయాలి, భరణంలో కలపకూడదు. "ఇక ఏ హక్కూ అడగను" అని తల్లి సంతకం పెట్టినా బిడ్డ పోషణ హక్కు పోదు. మీరు ఇవన్నీ ఒకే మూటగా కట్టి "ఇన్ని కోట్లు కొట్టేసింది" అంటున్నారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది "భర్త ఆస్తిలో సగం భార్యదే" అన్న వీడియో. అందులో మీరు అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ విడాకులను ఉదాహరణగా చూపించారు. అప్పట్లో వాళ్లు ఉన్నది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో. పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అని అక్కడి చట్టం. 2019లో అక్కడ కూడా ఆయన భార్య మెకెంజీ తీసుకున్నది ఉమ్మడి అమెజాన్ వాటాలో పాతిక శాతం, అంటే కంపెనీలో 4 శాతం, సగం కాదు. మన దేశంలో గోవా వంటి ఒకటి రెండు ప్రాంతాలు మినహా అలాంటి ఉమ్మడి ఆస్తి చట్టమే లేదు. భార్యకు ఆస్తిలో వాటా ఇవ్వాలన్న సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా అది చట్టం కాలేదు. మనకున్నది హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం. భార్య అయినా భర్త అయినా అడగొచ్చు. ఇద్దరి ఆదాయం, ఆస్తి, నడవడిక, పరిస్థితులు చూసి కోర్టు తేలుస్తుంది. అవతలివాళ్ల ఐశ్వర్యంతో సమానం చేయడం భరణం ఉద్దేశం కాదని 2024 డిసెంబర్ 19న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

"సగం" మాట ఇక్కడికి వచ్చేసరికి రెండు వైపులా చెడగొడుతోంది. అమ్మాయి తరఫువాళ్లు ఇల్లు, చేను రెండింట్లో సగం రాస్తేనే సంతకం అంటారు. అబ్బాయి తరఫువాళ్లు కేసు పడకముందే ఆస్తిని తల్లి పేరున గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేయడానికి పరిగెత్తుతారు. 2024లో హార్దిక్ పాండ్యా, నటాషా విడిపోయినప్పుడు 70 శాతం ఆస్తి పోతోందన్న పుకారుతోపాటు, ఆస్తి తల్లి పేరున ఉందన్న అతని పాత క్లిప్పును తెలివైన ఉపాయంగా మీరు చూపించారు. ఆ ఉపాయం నిలవదు. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు రజనీశ్ వర్సెస్ నేహ తీర్పు వచ్చాక భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో పెట్టాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీస్తే గిఫ్ట్ డీడ్ తేదీ కనిపిస్తుంది. ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తి మీద కూడా భరణం హక్కును నడిపించుకునే వీలు ఆస్తి బదలాయింపు చట్టం 39వ సెక్షన్‌లో ఉంది. ప్రమాణపత్రంలో అబద్ధం ఆడితే అది ఇంకో కేసు. మీ మాట విని రాసినవాళ్లకు స్టాంపు డ్యూటీ దండగ, పైగా జడ్జి దగ్గర మాట పోతుంది.

జీతగాళ్లకు పనికొచ్చే కొలత ఒకటుంది, దాన్ని మీరు ఒక్కసారీ చెప్పలేదు. భర్త నికర జీతంలో 25 శాతం సమంజసమని సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో అంది. శ్రీసిటీ ఫ్యాక్టరీలో చేతికి 30 వేలు వచ్చేవాడికి అది సుమారు 7,500. ఇది సూత్రం కాదు, భార్య సంపాదన, పిల్లలు, ముసలి తల్లిదండ్రులను బట్టి పెరగొచ్చు, తగ్గొచ్చు. చీటీలు, ఎల్ఐసీ, సొంతంగా పెట్టుకున్న ఈఎంఐలు చూపించి జీతం తగ్గించి చెబితే సాధారణంగా కోర్టులు ఒప్పుకోవు. కోట్ల భరణాల మీద అరగంట మాట్లాడే మీ కార్యక్రమంలో ఈ ఒక్క లెక్కకు రెండు నిమిషాలు ఇవ్వలేరా? పన్ను విషయం కూడా సగమే చెప్పారు. ఒకేసారి తీసుకున్న మొత్తాన్ని సాధారణంగా ఆదాయంగా లెక్కకట్టరు, నెలనెలా వచ్చే భరణం మాత్రం ఆదాయమే.

వార్తగా వేసే ముందు మీ డెస్క్ చూసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణ మూసిన తలుపుల వెనక జరగాలి. విచారణ సంగతులు అచ్చువేయడం, ప్రచురించడం నేరం. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకు మాత్రం, అదీ కోర్టు అనుమతితో, మినహాయింపు. జరిమానా వెయ్యి రూపాయలే కాబట్టి ఎవరూ లెక్కచేయడం లేదు, కానీ ఆ సెక్షన్ ఇంకా అమల్లోనే ఉంది. చాహల్ కేసులో అంకె మనకు తెలిసింది హైకోర్టు ఉత్తర్వు వల్ల. సమంత, నాగచైతన్య 2021 అక్టోబర్ 2న విడిపోతున్నామని ప్రకటించాక వినపడ్డ 200 కోట్లకు అలాంటి ఆధారమేదీ లేదు. అదే నెలలో సమంత తనపై వచ్చిన వీడియోల మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2024 నవంబర్‌లో ఏఆర్ రెహమాన్, సైరా బాను విడిగా ఉండాలనుకున్నారని ప్రకటన వస్తే మీరు "విడాకులు, భరణం ఎంత" అని వేశారు. విడిగా ఉండటం విడాకులు కాదు. పైగా వాళ్లు ముస్లింలు కాబట్టి వాళ్లకు హిందూ వివాహ చట్టం వర్తించదు.

ఇక కామెంట్లు. ధనశ్రీ వీడియో కింద ఉన్న మాటలు ఈ లేఖలో రాయలేం. ఆమెను అన్న మాటలే ఇక్కడ భరణం అడిగే ప్రతి ఆడబిడ్డకూ తగులుతున్నాయి. హక్కుగా రావాల్సింది అడగడానికే సిగ్గుపడి తక్కువకు సంతకం పెట్టేవాళ్లున్నారు. ఇది మాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. యూట్యూబ్ స్టూడియోలో నిషేధ పదాల జాబితా పెట్టుకునే వీలుంది. బూతులను తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ, రకరకాల స్పెల్లింగులతోనూ చేర్చాలి. ఒక్క లిపిలో పెడితే సగం తప్పించుకుంటాయి.

మేము కోరేది ఇది. 60 కోట్లు, 200 కోట్లు, 70 శాతం అని ఉన్న వీడియోలను తీసేయండి. "సగం ఆస్తి" వీడియోను అదే లింకులో మార్చలేరు కాబట్టి ఆ భాగం కత్తిరించి, శీర్షిక, థంబ్‌నెయిల్ మార్చి, సవరణను పైన పిన్ చేయండి. ఇకమీదట భరణం అంకె వేసినప్పుడు అది కోర్టు ఉత్తర్వులోదా, ఇద్దరిలో ఒకరు చెప్పినదా అన్నది అంకె పక్కనే వేయండి. రెండూ కాకపోతే అంకె వేయకండి. విడాకుల మీద చట్టం చెప్పే ప్రతి స్క్రిప్టునూ కుటుంబ కేసులు చూసే న్యాయవాది చదివాకే రికార్డు చేయండి. ఆ పని మా ప్రాంతం వరకు రుసుము లేకుండా చేయడానికి మేం సిద్ధం.

వీడియోల లింకులు, తప్పు దొర్లిన నిమిషాలు, పైన చెప్పిన ఉత్తర్వుల ప్రతులు జతచేశాం. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు కోర్టుల కుటుంబ కేసుల న్యాయవాదులు